నాన్నగారి గొంతు చదివిన పేర్లు

మా ముత్తాత మక్తాదారు. నిజాం కాలంలో అడవి అంచు ఊళ్ళ శిస్తు ఆయన చేతి మీదుగా పోయేది. గోదావరి వైపు వెళ్ళే కలప బండ్లు కోటలాంటి మా గడి ముందు ఆగి, ముద్ర వేయించుకున్నాకే కదిలేవి. ఆ హక్కులన్నీ పోయాక కూడా మా తాత తలపాగా తీయలేదు. బొగ్గు గనుల్లో పనికి తెలంగాణ నలుమూలల నుంచీ వచ్చిన వాళ్ళు సాయంత్రాలు ఆడుకోవడానికి చోటు లేక రోడ్డు మీద బంతి తన్నుతుంటే, మా జొన్నచేను ఒకటి చదును చేయించి ఇచ్చాడు. ఇచ్చాడు, అమ్మలేదు. ఆ రెండు మాటలకూ తేడా ఏమిటో మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందే నేర్పేవారు. ఆ మైదానంలో పుట్టిన ఫుట్‌బాల్ క్లబ్బుకు మా నాన్నగారు కాగితం మీద అధ్యక్షులు. మైదానంలో మాత్రం ఆయన పని మైకు.

ఆయన ఎన్నడూ బంతి తన్నలేదు. ఇస్త్రీ పంచె నలగడం ఆయనకు గిట్టదు. మైదానం చుట్టూ కర్రల మీద హారన్లు కట్టించి, టేకు బల్ల ముందు నిటారుగా కూర్చుని ఆట చెప్పేవారు. కార్మికుల క్వార్టర్ల దాకా ఆ గొంతు వినిపించేది. ఒక హారన్ దగ్గర, ఒక హారన్ దూరం. అందుకని ప్రతి మాటా రెండుసార్లు, ఒకదాని వెనక ఒకటి వచ్చేది. చిన్నప్పుడు నాకు ఇద్దరు నాన్నలు ఉన్నారనుకునేదాన్ని. ఒకరు మాట్లాడతారు, ఇంకొకరు అడవి అంచున నిలబడి అదే మాట మళ్ళీ అంటారు.

మైకులో ఆయన ఎవరినీ పిలిచేవారు కాదు. "ఆదివారం ఆట. నాలుగింటికి." అంతే. "అందరూ రావలసిందిగా కోరుతున్నాము" అని ఊళ్ళో సినిమా రిక్షా కూడా అనేది. కోరడం మా వంశంలో లేదు.

ఆట మొదలయ్యే ముందు ఆయన రెండు జాబితాలు చదివేవారు. మొదటిది ఆడేవాళ్ళది. అందులో గోల్‌కీపరు పేరు ముందు. ఆ గోల్‌కీపరు బొగ్గు కోసే కార్మికుడు, కొండంత మనిషి. ఒకసారి రాత్రి షిఫ్టు చేసి నేరుగా మైదానానికి వచ్చి, బంతి అవతలి గోల్ దగ్గర ఉండగా స్తంభానికి ఆనుకుని నిద్రపోయాడు. జనం అరిస్తే గానీ లేవలేదు. అప్పటి నుంచి ప్రతి ఆటకూ నాన్నగారు, "గోల్‌లో..." అని అతని పేరు చదివి, ముఖంలో ఏ కదలికా లేకుండా, "ఇవాళ మేలుకునే ఉన్నాడు" అని చేర్చేవారు. మైదానం మొత్తం నవ్వేది. నాన్నగారు నవ్వేవారు కాదు.

రెండో జాబితా పోయినవాళ్ళది. గనుల ఊరు అంటే ఎక్కడెక్కడి వాళ్ళో. చావు కబురు చెప్పడానికి చుట్టాలుండరు. అందుకని పోయిన ఆటకూ ఈ ఆటకూ మధ్య ఊళ్ళో ఎవరు పోయారో మైదానంలోనే తెలిసేది. పేరు, తండ్రి పేరు, పనిచేసిన గని. రెండు జట్లూ, జనమంతా చెప్పులు విడిచి మట్టిలో నిలబడేవారు. బూట్లు విప్పి మళ్ళీ కట్టుకోవాలి కాబట్టి బయటి ఊళ్ళ జట్లు మొదట్లో విసుక్కునేవి. తర్వాత అవీ అలవాటు పడ్డాయి. నాన్నగారు మధ్యాహ్నం ఇంట్లో ఆ పేర్లను బయటికి చదువుకుని, అనుమానం ఉంటే ఆ ఇంటికే మనిషిని పంపి, ఎలా పలకాలో కనుక్కునేవారు. ఆయన ఒక్క పేరు తప్పు చదివారని ఊళ్ళో ఎవరూ అనలేదు.

ఆయన పోయినప్పుడు ఆయన పేరు ఎవరో చదివారు. గని పేరు దగ్గర ఏం చదవాలో తెలియక ఆగిపోయారు. నేను చెప్పులు విడిచి నిలబడి, ఆ ఖాళీని విన్నాను.

తర్వాత లోపలి గనులు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. ఓపెన్ కాస్ట్ వచ్చింది, మనుషుల చోట మిషన్లు వచ్చాయి, కుటుంబాలు బదిలీల మీద ఎటో వెళ్ళాయి. మైదానంలో సిమెంటు మెట్లు పగిలి, వాటిలో తుమ్మ మొలిచింది. మా గడిలో ముందు భాగం, దొడ్డి, బావి వైపు గదులు చేతులు మారాయి. నాకు మిగిలింది రెండు గదులు, ఒక వరండా, టీచరు పింఛను. మనుషులు నన్ను పిలిచే పిలుపు కూడా చేతులు మారింది. ముసలివాళ్ళు దొరసాని అంటారు. బ్యాంకులో మేడం అంటారు. క్లబ్బు నుంచి వచ్చిన అమ్మాయి మొదటి రోజే పెద్దమ్మా అంది. నాకది నచ్చలేదు. సరిదిద్దనూ లేదు.

ఆ అమ్మాయి తండ్రి గనిలో కప్పు కింద దుంగలు నిలిపే టింబర్ పని చేసినవాడు. ఖమ్మంలో కంప్యూటర్ చదివి వచ్చి, క్లబ్బు వాళ్ళకు ఫోన్‌లో పేజీ నడిపేది. ఆమెను వెంటబెట్టుకుని వచ్చింది క్లబ్బు సెక్రటరీ, గనిలో ఓవర్‌మ్యాన్‌గా చేసి రిటైరైన మనిషి.

"గ్రౌండ్ల మంది లేరు దొరసానమ్మా. ఫోన్ల ఉన్నరు," అన్నాడు సెక్రటరీ, వరండాలో కూర్చోకుండా.

అమ్మాయి ఫోను నా ముందు పెట్టింది. వెదురు కర్రకు ఫోను కట్టి ఆటను లైవ్‌లో చూపిస్తున్నారు. గోల్ పడితే ఆ ముక్కను కత్తిరించి, డప్పు సంగీతం కలిపి వదులుతున్నారు. బాగా ఆడింది ఎవరని ఓట్లు వేయిస్తున్నారు. పాత ఫోటోలకు రంగులు వేసి, ఇందులో మీ నాయన ఉన్నాడా అని అడుగుతున్నారు. కింద కామెంట్లు చీమల బారులా కదులుతున్నాయి. గోదావరి ఎగువన బదిలీ గనుల నుంచి, హైదరాబాద్ నుంచి, గల్ఫ్ ఎడారుల్లో లేబర్ క్యాంపుల నుంచి. మైదానంలో మేకలూ మేమూ తప్ప ఎవరూ లేని ఆదివారాల్లో ఇంతమంది ఎక్కడ నిలబడి చూస్తున్నారో నాకు తెలియదు. వాళ్ళు చూస్తున్నారని తెలిశాక ఖాళీ మెట్ల వైపు మునుపటిలా చూడలేకపోయాను.

"ఆళ్ళకు ఆట చూపిస్తే సరిపోదు పెద్దమ్మా," అంది అమ్మాయి. "ఊరు వినపడాలె. మీ నాయన క్యాసెట్లు ఉన్నయంట గదా? ఒక్కటి పెట్టినా ఏడుస్తరు."

నాన్నగారు ప్రతి సీజన్ ఆటలనూ టేపు చేయించేవారు. తప్పు చదివానని ఎవరైనా అంటే చూపించడానికి. రేకు పెట్టె నిండా ఉన్నాయి. ఒక్కటి తప్ప అన్నీ ఇచ్చాను. నా దగ్గర ఉంచుకున్న దానిలో ఆయన నవ్వుతారు. ఇంట్లో ఆయన నవ్వు నేనెప్పుడూ వినలేదు.

ఆ గొంతును మిషన్‌కు నేర్పిస్తామనీ, అది కొత్త మాటలు కూడా చెబుతుందనీ ఆ అమ్మాయి చెప్పింది. పాత టేపులను శుభ్రం చేస్తారని నేననుకున్నాను.

కొన్నాళ్ళకు, మధ్యాహ్నం వరండాలో మినుములు చెరుగుతున్నాను. వెనక గదుల్లో కిరాయికుండే వాళ్ళ ఫోనులోంచి నాన్నగారు మాట్లాడారు. "ఆదివారం ఆట. నాలుగింటికి." నేను చేట పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. ఆయన వరండాలోకి వస్తే మా ఇంట్లో అందరం లేచేవాళ్ళం. కాళ్ళకు ఆ అలవాటు పోలేదు. ఆయన ఆడేవాళ్ళ పేర్లు చదివారు. అన్నీ ఇప్పటి పిల్లల పేర్లు, ఆయన పోయాక పుట్టినవాళ్ళవి. అదే నిదానం, పేరుకూ పేరుకూ మధ్య అదే ఎడం. చివర, "ఈ వీడియోను లైక్ చేసి, మీ మిత్రులకు షేర్ చేయండి ప్లీజ్," అన్నారు.

నేను చీర మార్చుకుని క్లబ్బు గదికి నడిచాను.

"మా నాన్నగారు ప్లీజ్ అనరు," అన్నాను.

అమ్మాయి బిక్కమొహం వేసింది. "మరి ఏమంటడు పెద్దమ్మా? దయచేసి అని పెట్టాల్నా?"

"ఏమీ అనరు. ఆయన అడగరు."

"అడగకపోతే షేర్ ఎవరు చేస్తరు?"

సెక్రటరీ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "దొర అడుగుడేంది బిడ్డా! టైం చెప్తడు. వస్తే వస్తివి, రాకుంటే నీ ఖర్మ. నేను లెఫ్ట్ అవుట్ ఆడేటోన్ని, ఒకసారి పెండ్లాం కాన్పుంటే రాలె. మళ్ళ ఆటకు మైకుల ఏమన్నడో తెల్సా? 'లెఫ్ట్ అవుట్ వచ్చాడు. పాప క్షేమం.' అంతే. ఊరంత నా దిక్కే చూసిండ్రు!"

ఆ ముక్క తీసేశారు. తర్వాతి వారం గొంతు టైం మాత్రం చెప్పింది. కింద కామెంట్లలో ఎవరెవరో రాశారు: అచ్చం దొరే. షేర్లు పెరిగాయని అమ్మాయి ఆశ్చర్యపోయింది. నాకు ఆశ్చర్యమేమీ లేదు. గర్వంగానే ఉంది.

ఆదివారాలు సాయంత్రం నేను మైదానానికి వెళ్ళకపోయినా ఆయన వచ్చేవారు. మొదట వెనక గదుల్లోని ఫోనులో ఒక మాట, రెప్పపాటు తర్వాత ఎదురింటి ఫోనులో అదే మాట, ఆ తర్వాత సందు చివర టీ కొట్టులో. నెట్ ఆలస్యం అంటారు దాన్ని. నాకది హారన్ల ఎడమే. సందులో నాన్నగారు మూడు చోట్ల నిలబడి మాట్లాడుతున్నట్టుండేది. నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా లేచి నిలబడేదాన్ని. అది మిషన్ అని ఎవరైనా చెబితే, తెలుసు అనేదాన్ని.

పోయినవాళ్ళ జాబితా ఆయన తర్వాత ఆగిపోయింది. దాన్ని మళ్ళీ మొదలుపెడదామని అమ్మాయే అంది. పేజీలో ఒక ప్రకటన పెట్టింది. మీ వాళ్ళ పేర్లు పంపండి, ఆటకు ముందు అందరం లేచి నిలబడి తలచుకుందాం. పేరు, తండ్రి పేరు, గని పేరు.

"పోయినవాళ్ళు అని రాయలేదేం?" అని అడిగాను.

"చావు, పోయినోళ్ళు, గిట్లాంటి మాటలు పెడితే పోస్టు ఎక్కువ మందికి పోదు పెద్దమ్మా. కిందికి తొక్కేస్తది. అయినా ఊళ్ళె తెల్వనోళ్ళెవరు?"

ఆమె మాట నిజమే అనిపించింది. ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. పేర్లు వచ్చాయి. ఆదివారం నాన్నగారి గొంతు వాటిని చదివింది. ఎడారిలో పనిచేసే ఒకతను తల్లి పేరు పంపాడు. చివరి చూపుకు రాలేకపోయాడట. ఆమె పేరు, ఆమె తండ్రి పేరు, ఆమె బొగ్గు ఏరిన గని పేరు నాన్నగారు చదివారు. మైదానంలో మేము కొద్దిమందిమి చెప్పులు విడిచాం. అప్పుడు పేజీలో కామెంట్ల చోట ఫోటోలు రావడం మొదలైంది. చెప్పుల ఫోటోలు. ఇసుకలో విడిచిన బూట్లు, హాస్టలు గది గుమ్మంలో స్లిప్పర్లు, ఎవరిదో లారీ క్యాబిన్‌లో ఒక జత. కాళ్ళు లేవు, మనుషులు లేరు, చెప్పులే. అమ్మాయి ఫోను నా చేతికిచ్చింది. ఒకదాని కింద ఒకటి వస్తూనే ఉన్నాయి. నేను దాన్ని వెంటనే తిరిగి ఇచ్చేశాను.

ఎండలు ముదరకముందు ఒక ఆదివారం, నేను మైదానంలోనే ఉన్నాను. గొంతు పేర్లు చదువుతోంది. మధ్యలో ఆ గోల్‌కీపరు పేరు చదివింది. అతని తండ్రి పేరు, అతని గని. నేను మట్టిలో వట్టి కాళ్ళతో నిలబడి, ఎప్పుడు పోయాడు, నాకు ఎవరూ చెప్పలేదే అనుకుంటున్నాను. పక్కనున్న ముసలాయన సెక్రటరీ చెవిలో, "మొన్న దవాఖానాల ఇడ్లీ తిన్నడు గదనే?" అన్నాడు.

పోలేదు. మర్నాడు పొద్దున అతని కూతురు మా వరండా మెట్ల దగ్గర నిలబడి ఉంది. అశ్వారావుపేటలో పామాయిల్ మిల్లులో పనిచేస్తుంది. తండ్రిని చూసుకోవడానికి వచ్చింది. వాళ్ళది చర్చి కుటుంబం. షుగర్‌తో తండ్రి కుడికాలి వేళ్ళు నల్లబడ్డాయి. వేళ్ళు తీసేస్తే కాలు దక్కుతుంది, ఆలస్యమైతే మనిషే దక్కడు అని డాక్టర్లు చెప్పారు.

"పేరు నేనే పంపిన దొరసానమ్మా," అంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "మా సంఘం గ్రూపుల గట్లనే పెడతరు. జబ్బున్నోళ్ళ పేర్లు పంపండి, అందరం లేచి నిలబడి ప్రార్థన చేద్దాం అని. గిది గూడ గదే అనుకున్న. ఆట ఆడేటోళ్ళంత మా నాయన కోసం నిలబడతరు గదా అనుకున్న. నేను పెండ్లై పోయినప్పటి సంది ఈ గ్రౌండు మొకం సూడలె. ఆటకు ముందు సదివేది పోయినోళ్ళ పేర్లని మర్సిపోయిన."

"నాన్న విన్నాడా?"

"నేనే ఇనిపిచ్చిన! ఫోను సెవుల కాడ పెట్టి, నాయనా నీ పేరొస్తది ఇను అన్న." ఆమె మెట్టు మీద కూలబడింది. "ఇప్పుడు ఆపరేషన్ వద్దంటుండు. సంతకం పెట్టడంట. దొర పిలిచిండు, పోవాలె అంటుండు. నువ్వు జెప్తే ఇంటడు."

నేను వెళ్ళాను. మంచం మీద ఆ కొండ కరిగిపోయి ఉంది. కాలికి కట్టు. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నాను.

"అది నాన్నగారు కాదు," అన్నాను. "మిషన్. గొంతు మాత్రం ఆయనది. ఎవరు ఏ పేరు రాసిస్తే అది చదువుతుంది."

"మా అయ్య పేరు జెప్పిండు దొరసానీ. నా గని పేరు జెప్పిండు."

"నీ కూతురు రాసింది."

"రాస్తే మాత్రం? దొర ఊకె సదువుతడా? మనిషిని ఇంటికి పంపి అడిగిస్తడు. ఎన్నడన్న ఒక్క పేరు తప్పు సదివిండా? నువ్వే జెప్పు."

ఆయన తప్పు చదివారని అబద్ధమాడితే ఈ మనిషి బతుకుతాడేమో. ఆ మాట నా నోట రాలేదు. అది ఆయన కాదని మళ్ళీ అందామంటే, ప్రతి ఆదివారం దానికి లేచి నిలబడే మనిషిని నేను. అతను ఆ సంగతి తెలిసినట్టే నా వైపు చూశాడు.

"దొర జిందగీల ఎవర్నీ పిల్వలె," అన్నాడు మెల్లగా. "నన్ను పిలిచిండు. నేను పోనా మరి?"

కూతురు గోడకు తిరిగి నిలబడింది.

క్లబ్బు అమ్మాయి విషయం తెలిసి, ఫోనును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆ సాయంత్రమే ఆ గొంతుతో ఒక సవరణ చేసి వదిలింది. ఊరంతా విన్నది. "పొరపాటు జరిగింది. ఆయన క్షేమంగా ఉన్నారు. క్షమించండి." కూతురు ఆ ముక్కను దవాఖానాలో తండ్రికి వినిపించింది. మర్నాడు నేను వెళ్ళేసరికి అతను సగం నవ్వు మొహంతో ఉన్నాడు.

"ఇన్నవా దొరసానీ? క్షమించండంట! దొర నోట్ల క్షమించండి అన్న మాటొస్తదా? గిది దొర కాదు, నువ్వన్న మిషనే గిది." వేలు పైకెత్తాడు. "మొన్నటిది మాత్రం దొరే."

పక్క మంచం మీద కాలు విరిగిన లారీ డ్రైవరు ఉన్నాడు. "తాతా, నీకు అనుకూలమైనప్పుడు మిషను, కానప్పుడు దొరనా?" అన్నాడు.

"నువ్వు నీ కాలు సూస్కో రా."

డాక్టరు వరండాలో నాతో, ఇంకో వారం దాటితే తన చేతిలో ఉండదన్నాడు. ఆటకు ఇంకా కొన్ని రోజులున్నాయి. ఇంటికి వచ్చి, రేకు పెట్టెలో మిగిలిన ఆ ఒక్క క్యాసెట్ తీశాను. అందులో ఏముందో నాకు అక్షరం అక్షరం తెలుసు. సాయంత్రం తీసుకెళ్ళి, పాత టేప్ రికార్డరులో అతని మంచం దగ్గర వినిపించవచ్చు. ఎవరికీ ఇవ్వకుండానే. అదే చేద్దామనుకుని, మర్నాడు పొద్దున దవాఖానాకు వెళ్ళి ముందు అతన్ని అడిగాను. "నాన్నగారి నిజమైన గొంతు వినిపిస్తాను. ఆయన మాట నమ్ముతావా?"

"నాకొక్కనికి ఇనిపిస్తే ఏమొస్తది? ఊరంత నాకు చెప్పులిడిసి నిలబడ్డది. దేశదేశాలోళ్ళు నిలబడ్డరంట, బిడ్డ సూపిచ్చింది, ఎంతమంది చెప్పులో! గాళ్ళందరి లెక్కల నేను పోయినోన్నే. దొర జెప్తే గాళ్ళందరికీ జెప్పాలె."

మా వంశంలో అడగడం లేదన్నాను. ఆ మధ్యాహ్నం క్లబ్బు గదికి వెళ్ళి, ఆ అమ్మాయిని అడిగాను. దీన్ని ఆదివారం పేర్లు చదివే సమయంలో వెయ్యి. ఒక్కసారే. ఉన్నదున్నట్టు, శుభ్రం చేయకుండా. ఈ నవ్వు మిషన్‌కు నేర్పొద్దు.

ఆమె ఇయర్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని విని, తీసి పక్కన పెట్టింది. "మా అమ్మ మీద ఒట్టు పెద్దమ్మా. నేర్ప," అంది.

ఆదివారం నేను దవాఖానాలో అతని మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాను. కూతురు ఫోను దిండు మీద పెట్టింది. లైవ్‌లో మైదానం కనిపిస్తోంది. రెండు జట్లూ గీత మీద నిలబడ్డాయి. అప్పుడు టేపు గీరుకున్న చప్పుడు, హారన్ కూత, జనం హోరు. ఆ మెట్ల మీద ఒకప్పుడు కూర్చున్న జనం హోరు, ఇప్పుడు ఖాళీ మెట్లు చూపిస్తున్న బొమ్మ మీద. నాన్నగారు గొంతు సవరించుకున్నారు. మిషన్ ఎన్నడూ గొంతు సవరించుకోలేదు.

"గోల్‌లో..." అన్నారు. అతని పేరు చదివారు. "ఇవాళ మేలుకునే ఉన్నాడు."

జనం నవ్వు. ఆ నవ్వులోంచి దూరంగా, గోల్ దగ్గరి నుంచి, ఒక పడుచు గొంతు అరిచింది: "నేను మేలుకునే ఉన్న దొరా! నువ్వు మైకు మీద పండుకోకు!"

నాన్నగారు నవ్వారు. నవ్వు ఆపుకోలేక మైకుకు మరీ దగ్గరగా వచ్చారు. హారన్లు కీచుమన్నాయి. అయినా నవ్వుతూనే ఉన్నారు. పక్క మంచం ఫోనులో ఆ నవ్వు రెప్పపాటు ఆలస్యంగా మొదలైంది, వరండాలో నర్సు ఫోనులో ఇంకాస్త ఆలస్యంగా. మా నాన్నగారు వార్డులో మూడు చోట్ల నిలబడి నవ్వారు. నేను లేచి నిలబడ్డాను.

అతను కళ్ళు మూసుకుని విన్నాడు. "గా అరిసినోడెవడు?" అన్నాడు.

"నువ్వే."

"నేనా?" కళ్ళు తెరిచాడు. "గంత గొంతుండెనా నాకు!"

కూతురు ఫోను ఎత్తి చూపించింది. కామెంట్ల చోట మళ్ళీ ఫోటోలు వస్తున్నాయి. ఈసారి చెప్పుల్లో కాళ్ళున్నాయి. పగిలిన మడమలు, మెట్టెల వేళ్ళు, బురద బూట్లు. విడిచిన వాళ్ళంతా తొడుక్కుంటున్నారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఎవరూ చెప్పలేదు.

"దొర నవ్విండు దొరసానీ," అన్నాడు.

"అవును."

"గిది దొరే."

"అవును."

"కాగితం తే బిడ్డా," అన్నాడు కూతురితో. "కాలి ఏళ్ళు పోతే పోనీ. గోల్‌కు చేతులు గదా కావాలె."

లారీ డ్రైవరు, "అవ్ తాతా, కాళ్ళు ఉన్నప్పుడు మాత్రం లేస్తివా నువ్వు?" అన్నాడు. అతన్ని తిట్టడానికి గోల్‌కీపరు సగం లేచి కూర్చున్నాడు.

ఆపరేషన్ అయింది. నెల తిరగకముందే అతన్ని ఆటోలో మైదానానికి తెచ్చి, గోల్ వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. పేర్లు చదివేటప్పుడు అందరూ చెప్పులు విడిస్తే, అతను కట్టు కట్టిన కాలు చూపించి, నాది ఇప్పటికే వట్టిదే అన్నాడు. పేజీలో ప్రకటన మార్చారు. పోయినవాళ్ళ పేర్లు పంపండి అని ఉన్నదున్నట్టు రాశారు. ఎక్కువ మందికి పోకపోయినా పర్లేదంది అమ్మాయి. ఆ నవ్వు ఆ ఒక్కరోజే వినిపించింది. ఆమె మాట తప్పలేదు.

ఆ తర్వాత చివరి లోపలి గనిని కూడా మూశారు. జట్టులో మిగిలిన పిల్లలు తలో ఊరూ పట్టుకున్నారు. కమిటీ ఒక సాయంత్రం కూర్చుని, ఇక ఆటలు లేవని తేల్చుకుని లేచింది. అమ్మాయి ఉద్యోగం దొరికి హైదరాబాద్ వెళ్ళింది. వెళ్ళేముందు క్యాసెట్ తిరిగి ఇచ్చి, "ఆ నవ్వు ఫైలు నా ఫోన్ల తీసేసిన పెద్దమ్మా. క్లబ్బు కంప్యూటర్ల మాత్రం ఉంటది, దాని పాస్‌వర్డు కమిటీకి ఇచ్చిన," అంది. ఆ మాటలో ఏముందో నాకు అప్పుడు తట్టలేదు.

మరుసటి ఎండాకాలంలో పని ఉండి భద్రాచలం బస్సు ఎక్కాను. పాల్వంచ దాటాక ముందు సీట్లో ఒకతని ఫోనులోంచి నాన్నగారు మాట్లాడారు. హైవే పక్కన ప్లాట్లు ఉన్నాయన్నారు. తూర్పు ముఖం, నలభై అడుగుల రోడ్లు అన్నారు. త్వరపడండి అన్నారు. కుటుంబ సమేతంగా రండి, దయచేసి ఈ అవకాశం వదులుకోవద్దు అన్నారు. ఆ తర్వాత నవ్వారు. అదే నవ్వు, హారన్ల కీచు లేకుండా, శుభ్రంగా.

నేను లేచి నిలబడ్డాను. కండక్టరు వెనక్కి తిరిగి, "దిగుతవా అమ్మా? ఇంకా స్టేజి రాలె," అన్నాడు.

"లేదు," అన్నాను. ఆ ప్రకటన అయిపోయేదాకా కమ్మీ పట్టుకుని అలాగే నిలబడ్డాను.

క్లబ్బు కమిటీ ఆ పేజీని అశ్వారావుపేట రోడ్డులో వెంచర్ వేసిన వాళ్ళకు అమ్మింది. అభిమానులు, పాత వీడియోలు, చెప్పుల ఫోటోలు, గొంతు ఫైళ్ళు అన్నీ ఒకే బేరంలో పోయాయి.